హీత్ లెడ్జరా, హ్యూ జాక్‌మనా? ఎవరి దారి మేలు?

ఆస్ట్రేలియా నుంచి వచ్చిన యాక్టర్లలో తోపు ఎవరంటే మనోళ్ళు చాలామంది ఇంకేం ఆలోచించకుండా హీత్ లెడ్జర్ అంటారు, బ్యాట్‌మన్ సినిమా డార్క్ నైట్‌లో అతను చేసిన విలన్ జోకర్‌ని చూశాక ఇంకేం కావాలి అని. నేనూ చాన్నాళ్ళు ఆ బ్యాచే. ఇప్పుడు మాత్రం కెరీర్ మొత్తం చూస్తే జాక్‌మన్ వైపే మొగ్గుతున్నా, తిట్టుకోకండి.

లెడ్జర్ పెర్త్ కుర్రాడు, పుట్టింది 1979లో. ఇరవయ్యేళ్ళకే ఒక టీనేజ్ లవ్ స్టోరీతో హాలీవుడ్‌లో అమ్మాయిల హీరో అయిపోయాడు, తర్వాత అలాంటి కథలే వస్తుంటే వద్దు పొమ్మన్నాడు. అదీ దమ్మంటే. 2005లో బ్రోక్‌బ్యాక్ మౌంటెన్‌లో ఇంకో మగాణ్ణి ప్రేమించి ఆ సంగతి నోరు విప్పి చెప్పుకోలేని కౌబాయ్‌గా చేశాడు, మాట పళ్ళ మధ్యే నలిగిపోతున్నట్టు ఉంటుంది, నాకైతే జోకర్ కన్నా ఇదే ఎక్కువ ఇష్టం. 2008 జనవరిలో 28 ఏళ్ళకే పోయాడు, డార్క్ నైట్ రిలీజయ్యింది జులైలో. జోకర్ పాత్రే అతన్ని మింగేసిందని ఇప్పటికీ రాస్తుంటారు, ఆపండి బాబూ, డాక్టర్లు రాసిచ్చే మందులే చాలా రకాలు కలిసిపోయి ప్రమాదవశాత్తు జరిగిందని న్యూయార్క్ వైద్యాధికారులు అప్పుడే తేల్చేశారు.

జాక్‌మన్ సంగతి వేరు. 1968లో సిడ్నీలో పుట్టాడు, యాక్టింగ్ నేర్చుకుంది మాత్రం లెడ్జర్ ఊరు పెర్త్‌లోనే. ఎక్స్-మెన్ సినిమాల్లో చేతుల్లోంచి గోళ్ళు బయటికొచ్చే హీరో వుల్వరిన్ పాత్ర కూడా అతని కోసం రాసిపెట్టిందేం కాదు, ముందు అనుకున్న డగ్రే స్కాట్ ఇంకో సినిమా షూటింగ్‌లో ఇరుక్కుపోతే ఇతనికొచ్చింది, పైగా కామిక్స్‌లో వుల్వరిన్ పొట్టోడు, ఇతనేమో ఆరడుగుల పైనే. 2000లో మొదలెట్టి 2017లో లోగన్ సినిమాతో అయిపోయిందనుకుంటే 2024లో డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్‌లో మళ్ళీ గోళ్ళు బయటికి తీశాడు, అది మనకి తెలుగు డబ్బింగ్‌లో కూడా వచ్చింది.

ఒకే పాత్ర పట్టుకుని సేఫ్‌గా లాగించాడు అనేవాళ్ళకి ఒకటే చెప్తా. వుల్వరిన్‌గా ఊపు మీదున్న 2003లోనే న్యూయార్క్ నాటకాల అడ్డా బ్రాడ్‌వేకి వెళ్ళి పీటర్ అలెన్ అనే ఆస్ట్రేలియన్ గాయకుడిగా, అంటే స్టేజీ మీద మెరుపుల చొక్కాలో ఆడిపాడే గే పాత్రలో దాదాపు ఏడాది చేశాడు, 2004లో నాటకాలకిచ్చే టోనీ అవార్డు కొట్టాడు. యాక్షన్ హీరో ఇమేజ్ ఏమైపోతుందో అని భయపడలేదు, లెడ్జర్ కౌబాయ్ కంటే ముందే ఇది. కాకపోతే నాటకం కదా, మనం చూడలేదు కాబట్టి లెక్కలోకి రాలేదు.

జోకర్ లాంటి పాత్ర జాక్‌మన్ చేయలేదు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ కొత్తగా యాక్టింగ్‌లోకి వచ్చే కుర్రాడు నన్నడిగితే జాక్‌మన్ దారే చూపిస్తా, కూడు పెట్టే పాత్ర ఒకటి దగ్గర పెట్టుకుని మిగతా టైంలో తెగించడం.

తమాషా ఏంటంటే 2009 ఆస్కార్‌లో జోకర్ పాత్రకి లెడ్జర్‌కొచ్చిన అవార్డుని అతని అమ్మానాన్నా అక్కా వచ్చి తీసుకున్నారు చూడండి, ఆ రాత్రి ఫంక్షన్ నడిపిన హోస్టు జాక్‌మనే. ఇద్దర్నీ డైరెక్టర్ నోలన్ చేతిలో చూడాలంటే ముందు జాక్‌మన్ ప్రెస్టీజ్, తర్వాత లెడ్జర్ డార్క్ నైట్ పెట్టుకోండి, చూసొచ్చి అప్పుడు కొట్లాడండి నాతో.