కొత్త కారుకు కోటింగ్ వేసే ముందు: కడిగితే చాలా, క్లే పట్టాలా, పాలిష్ దాకా వెళ్లాలా?

"కొత్త బండి కదా, పెయింట్‌కి ఏమైంది? కడిగి, తుడిచి, కోటింగ్ వేసేయడమే" అనేవాళ్లు ఒక పక్క. "మెషీన్ పాలిష్ పడకుండా కోటింగ్ వేస్తే డబ్బు దండగ" అనే డీటెయిలింగ్ వాళ్లు (కార్లకు మెరుగుపెట్టే పని చేసేవాళ్లు) ఇంకో పక్క. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, కొంత తొందరపాటూ ఉంది. నా లెక్కలో ఎంత దూరం వెళ్లాలన్నది రెండిటిని బట్టి తేలుతుంది: పెయింట్ ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, దాని మీద మీరు వేయబోయేది ఏంటి (మైనమా, సీలెంటా, సిరామిక్ కోటింగా, ఫిల్మా). బండి కొత్తదా పాతదా అన్నది ఆ తర్వాతి సంగతి.

ఫ్యాక్టరీ గేటు దాటాక కారు వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఆరుబయట నిలబడుతుంది. రైలు మీద వస్తే చక్రాలు, పట్టాలు, బ్రేకుల రాపిడిలో ఎగిరిన సన్నటి ఇనుప రేణువులు పెయింట్ మీద పడి అతుక్కుపోతాయి. అవి తుప్పు పట్టే కొద్దీ ఇంకా లోతుకు దిగుతాయి. తెల్ల కార్ల మీద నారింజ రంగు చుక్కలు కనపడేది అందుకే. ట్రెయిలర్ మీద వస్తే తారు, పొగమసి. రవాణాలో గీతలు పడకుండా అతికించిన ఫిల్మ్ తాలూకు జిగురు కూడా అక్కడక్కడా మిగులుతుంది. ఇవన్నీ దాటి షోరూమ్‌కి చేరితే, డెలివరీకి ముందు హడావిడిగా ఒక కడుగుడు. బండి తర్వాత బండికి అదే బకెట్, అదే గుడ్డ. ఎండలో గుండ్రంగా మెరిసే సన్న గీతలు, స్వర్ల్ మార్కులు అంటారే, అవి పడటానికి ఆ ఒక్క కడుగుడు చాలు.

ఏది ఎంత ఉందో తెలుసుకోవడానికి ఖరీదైన సాధనాలేం అక్కర్లేదు. కారు కడిగి ఆరబెట్టి, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమరండి. వట్టి వేళ్లకు తగలని గరుకుదనం కూడా కవర్‌లోంచి ఇసుకలా తెలుస్తుంది. గీతల కోసం నీడలో నిలబెట్టి టార్చ్ వేసి చూడాలి. ట్యూబ్‌లైట్ వెలుగులో ఏ కారైనా అద్దంలా కనిపిస్తుంది, దాన్ని నమ్మొద్దు.

ఇక దారులు. అన్నిటికన్నా తేలికైంది వట్టి కడుగుడు. పీహెచ్ న్యూట్రల్ షాంపూ, రెండు బకెట్లు (ఒకటి షాంపూకి, ఒకటి మిట్ జాడించడానికి), చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ మిట్. మైనమో, స్ప్రే సీలెంటో వేసుకునేవాళ్లకు, చేతికి గరుకు తగలకపోతే ఇది సరిపోతుంది. మైనం ఎలాగూ కొన్ని వారాల్లో, మహా అయితే రెండు మూడు నెలల్లో పోతుంది. తర్వాతిసారి తీరిగ్గా చూసుకోవచ్చు. సిరామిక్ కోటింగ్‌కి ఈ సడలింపు లేదు. అది గట్టిగా పట్టుకుని ఏళ్ల తరబడి ఉంటుంది, కింద ఏముంటే దాన్ని అలాగే బిగించేస్తుంది. తీయాలంటే మళ్లీ పాలిష్ పట్టాల్సిందే.

రెండోది రసాయనంతో శుభ్రం చేయడం. ఎక్కువమంది దాటేసేది ఇదే, నా ఉద్దేశంలో కొత్త కారుకి అన్నిటికన్నా ఎక్కువ పని చేసేదీ ఇదే. తారు చుక్కలకు తారు రిమూవర్, ఇనుప రేణువులకు ఐరన్ రిమూవర్. చాలా ఐరన్ రిమూవర్లలో థయోగ్లైకోలేట్ లవణాలు ఉంటాయి. ఇనుముతో కలిసిన చోట ద్రవం ఊదా రంగుకి తిరిగి కారిపోతుంది. జుట్టు ఉంగరాలు తిప్పడానికి సెలూన్లలో వాడే మందులోనూ ఇదే కుటుంబానికి చెందిన రసాయనం ఉంటుంది. ఆ కుళ్లు వాసన అక్కడివాళ్లకి బాగా తెలుసు. గ్లవ్స్ వేసుకోండి, గాలి ఆడే చోట చేయండి. కారు నీడలో ఉండాలి, రేకు చల్లగా ఉండాలి, డబ్బా మీద చెప్పిన కొద్ది నిమిషాలకు మించి ఉంచకూడదు, ఎట్టి పరిస్థితుల్లోనూ ఎండిపోనివ్వకూడదు. దీని గొప్పతనం ఏంటంటే పెయింట్‌ని దేనితోనూ రుద్దే పని లేదు, కాబట్టి కొత్త గీత పడదు. పరిమితి కూడా ఉంది: చెట్టు జిగురు, వేరే చోట నుంచి ఎగిరొచ్చి పడ్డ పెయింట్ తుంపరలు దీనికి లొంగవు.

అక్కడ అక్కరకొచ్చేది క్లే, అంటే పెయింట్ మీద జార్చే బంకమట్టి లాంటి ముద్ద. జపాన్‌లో పుట్టిన ఈ ముద్ద 1990లలో మిగతా ప్రపంచానికి పాకింది. లూబ్రికెంట్ చల్లి, ఒత్తకుండా జార్చుతూ పోతే పెయింట్ పైకి పొడుచుకొచ్చిన మురికిని కోసి తనలోకి తీసుకుంటుంది. చేశాక రేకు నిజంగానే గాజులా అవుతుంది. చిక్కేంటంటే క్లే ఎంత మెత్తదైనా అంతో ఇంతో మసక గీతలు పెడుతుంది. నలుపు, ముదురు నీలం రంగుల మీద అవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అందుకే నేను కారంతా క్లే పట్టమని చెప్పను. ఐరన్ రిమూవర్ తర్వాత కవర్‌తో మళ్లీ నిమిరి చూసి, గరుకు మిగిలిన చోట మాత్రమే సన్నరకం క్లే వాడితే చాలు. సాధారణంగా బానెట్, టాప్, డిక్కీ మూత, తలుపుల కింది భాగం. క్లే ముద్దా, క్లే మిట్టా అని అడిగితే, మిట్ పని త్వరగా తెముల్తుంది, కింద పడినా కడుక్కోవచ్చు. ముద్ద నేల మీద పడితే ఇక పారేయడమే. అయినా కొత్త పెయింట్ మీద నేను ముద్దకే ఓటేస్తాను. వేలి కింద ఏం జరుగుతోందో తెలుస్తుంది, మడతపెట్టి శుభ్రమైన వైపు తిప్పుకోవచ్చు.

పాలిష్ దగ్గరే అసలు వాదన. కారు పెయింట్ మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు). అందులో పైన ఉండే పారదర్శకమైన పొర, క్లియర్ కోట్, 40-50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, వెంట్రుక మందం కన్నా తక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని అడ్డుకునేది ఆ పొరే. పాలిష్ అంటే దాంట్లోంచి కొంత గీకేయడం. మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్, ప్యాడ్‌ని తిప్పుతూనే అటూ ఇటూ ఊపే డ్యూయల్ యాక్షన్ మెషీన్‌తో ఒకసారి తేలిగ్గా పడితే పోయేది ఒక మైక్రాన్ అటూ ఇటూ. అంతవరకు ఫర్వాలేదు. ముతక కాంపౌండ్ (గరుకు పాలిష్ పేస్టు), ఊలు ప్యాడ్, ఒకే చోట గిర్రున తిరిగే రోటరీ మెషీన్ పట్టుకొచ్చి కొత్త కారంతా దున్నేస్తే మాత్రం ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టే. పైగా అనుభవం లేని చేతిలో రోటరీ మెషీన్ వెలుగులో తళతళలాడే హాలోగ్రామ్ గీతలు మిగులుస్తుంది, అంచుల దగ్గర రంగు లేపేస్తుంది.

టార్చ్ వెలుగులో గీతలు కనపడకపోతే పాలిష్ వద్దు. కనపడితే ముందు ఒక చిన్న గడిలో ప్రయత్నించి, అక్కడ పనిచేసిన అతి మెత్తటి ప్యాడ్, పాలిష్ జోడీతోనే మిగతాది చేయాలి. క్లే పట్టిన రేకులకు ఎలాగూ ఒక తేలిక పాలిష్ కావాలి. చేత్తో పాలిష్ రుద్దడం చిన్న మచ్చకైతే సరే, కారంతా చేస్తే ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ పడి పట్టీలు తేలతాయి.

పీపీఎఫ్, అంటే పెయింట్‌ని కాపాడే పారదర్శక ఫిల్మ్, వేయించేవాళ్లకు లెక్క కొంచెం మారుతుంది. ఫిల్మ్ కింద ఒక్క రేణువు మిగిలినా బొడిపెలా లేస్తుంది, అందుకే గీతల కన్నా గరుకుదనం మీద ఎక్కువ దృష్టి పెట్టాలి. "ఫిల్మ్ తన గీతల్ని తనే మాన్పుకుంటుంది" అని చెబుతారు. అది ఫిల్మ్ పైపొర మీద పడ్డ గీతల గురించి. కింద పెయింట్‌లో ఉన్న లోతైన గీత అక్కడే ఉండిపోతుంది.

చివరి తుడుపు విషయంలో మాత్రం ఎంపిక లేదు. పాలిష్ నూనెలు, షోరూమ్ వాళ్లు మెరుపు కోసం పూసిన గ్లేజ్ పోకపోతే కోటింగ్ పెయింట్‌కి అంటుకోదు. గ్లేజ్ గీతల్ని నింపి దాచేస్తుంది కూడా. తుడిచాక ఒక్కసారిగా గీతలు పుట్టుకొచ్చాయని కంగారు పడేది అందుకే, అవి అంతకుముందూ ఉన్నవే. నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఈ పని చేస్తుంది, చవక కూడా. నేనైతే నూనె జిడ్డు తీయడానికి తయారుగా దొరికే ద్రవం, ప్యానెల్ వైప్‌నే ఎంచుకుంటాను. గుడ్డ పొడిగా గీరుకోకుండా జారుతుంది, పాలిష్ నూనెల్ని కూడా బాగా లాగుతుంది. ఆల్కహాల్ గాఢంగా వాడితే కొన్ని రకాల పెయింట్ మెత్తబడే ప్రమాదం ఉంది. ఏది వాడినా తుడిచాక రేకుని చేత్తో తాకొద్దు, మళ్లీ నీళ్లు పోయొద్దు. నేరుగా కోటింగే.

"కొత్త పెయింట్ ఆరడానికి నెల ఆగాలట కదా" అని చాలామంది అడుగుతారు. ఫ్యాక్టరీ పెయింట్‌కి అక్కర్లేదు. దాన్ని సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఓవెన్లో కాలుస్తారు, గట్టిపడటం అక్కడే అయిపోతుంది. ఆగాల్సింది వర్క్‌షాపులో మళ్లీ రంగు వేసిన రేకులకు. అక్కడ అంత వేడి పెట్టరు కాబట్టి ద్రావకాలు కొన్ని వారాల పాటు బయటికి వస్తూనే ఉంటాయి. రవాణాలో దెబ్బ తగిలి డెలివరీకి ముందే రంగు వేసిన కార్లూ ఉంటాయి. ఒక తలుపు మీద మందం కొలిచే గేజ్ మిగతా వాటి కన్నా బాగా ఎక్కువ చూపిస్తే ముందు ఆ సంగతి తేల్చుకోండి.

మొత్తానికి లేత రంగు కారు, మైనం అనుకుంటే కడుగుడుతో పాటు ఐరన్ రిమూవర్ దగ్గర ఆగిపోవచ్చు. సిరామిక్ అయితే దానికి అవసరమైన చోట క్లే, తేలిక పాలిష్, ప్యానెల్ వైప్ కలపండి. ముదురు రంగు కారుకి మీరే క్లే పడదామనుకుంటే, పాలిష్ మెషీన్ చేతికొచ్చేదాకా ఆ ముద్ద జోలికి పోకండి.

వీటన్నిటికన్నా ముందే చేయాల్సిన పని ఒకటుంది. డెలివరీ తేదీ ఖరారు కాగానే కారుని కడగొద్దని, తుడవొద్దని, పాలిష్ అసలే కొట్టొద్దని షోరూమ్ వాళ్లకి రాతపూర్వకంగా చెప్పండి. దుమ్ముతోనే ఇమ్మనండి. వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.