మా పట్టణంలోని ఒక ప్రైవేటు ఐటీఐ: ఖర్చుకు తగ్గ చదువేనా?

మా తమ్ముడి కొడుకు రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు పూర్తి చేసిన ఈ ఐటీఐలో, చేరేటప్పుడు చెప్పిన ఫీజు ఏడాదికి 18,000 రూపాయలే అయినా, యూనిఫాం, రికార్డులు, పరీక్షలు, ప్రాక్టికల్స్ పేరిట వసూలు చేసినవన్నీ కలిపితే మొత్తం 52,000 దాటింది. పై వసూళ్లలో సగానికి రసీదే లేదు. విద్యార్థుల్లో ఎక్కువమంది పదో తరగతి తర్వాత నేరుగా వచ్చిన కూలీల, చిన్న రైతుల పిల్లలు కాబట్టి, అడిగేవారూ తక్కువే. మోటారు వైండింగు నేర్పిన మాస్టారిని మాత్రం మెచ్చుకోవాలి. కాలిపోయిన ఫ్యాను కాయిల్‌ను విప్పించి, చుట్లు లెక్కపెట్టించి, మళ్లీ చుట్టించేవారు. గేటు మీద రాసిన ‘నూరు శాతం ఉద్యోగాలు’ మావాడి బ్యాచిలో చాలామందికి స్టైపెండు మీద ఏడాది అప్రెంటిస్‌షిప్పుగానే తేలాయి. అయితే ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) సర్టిఫికెట్ ఉండటం వల్ల మావాడికి రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ (రైలు ఇంజిన్ సహాయ డ్రైవర్) పరీక్షకు అర్హత దక్కింది. ఇప్పుడు దానికే చదువుతున్నాడు.