బ్యాక్‌లాష్: లెక్కలో సరిచేయాలా, స్క్రూ మార్చాలా?

హనుమకొండలో మా ఇంటి వెనక షెడ్డులో చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మిల్లింగ్ మిషన్ ఉంది. బల్లకు డయల్ గేజ్ ఆనించి, ఒక దిక్కుకు నడిపి, వెనక్కి తిప్పితే 0.18 మి.మీ. దాకా ముల్లు కదల్లేదు. బల్లను నడిపే స్క్రూ, నట్టు వంటి భాగాల మధ్య ఉండే ఈ లూజే బ్యాక్‌లాష్. బేరింగు కూర్చునే రంధ్రంలో 0.02 తేడా కూడా ఎక్కువే.

మిషన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ లైనక్స్‌సీఎన్‌సీ సెట్టింగుల్లో ఆ 0.18 రాసేస్తే రూపాయి ఖర్చు లేదు. రంధ్రాల మధ్య దూరాలు చక్కగా కుదురుతాయి. గుండ్రం కోస్తే మాత్రం దిక్కు మారే నాలుగు చోట్లా సన్నని మెట్టు మిగులుతుంది. అసలు చిక్కు క్లైంబ్ మిల్లింగ్‌లో (కోసే చోట కట్టరు పళ్లు కదిలే దిక్కుకే బల్లా కదిలే పద్ధతి): కట్టరే బల్లను లాగేస్తుంది, నట్టులో ఖాళీ ఉన్నంతమేర బల్ల ఎగిరి జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీని దాటిస్తుంది, పూడ్చలేదు. పైగా పాత స్క్రూ నడుమ భాగం ఎక్కువ అరుగుతుంది గనుక ఒకే అంకె అంతటా చెల్లదు.

ప్రీలోడ్ (ముందే బిగించిన బిగువు) ఉన్న బాల్ స్క్రూ, అంటే నట్టులో గుండ్లు దొర్లే స్క్రూ, ఆ ఖాళీనే తీసేస్తుంది. ఖర్చుంది, బేరింగ్ బ్లాకులు కొత్తగా చేయించాలి. అల్యూమినియం మీద గుండ్రాలు కోసేవాళ్లకు నేను ఇదే చెప్తాను. చేత్తో తిప్పే మిషన్‌కు మాత్రం వద్దు. కోత బలానికి బాల్ స్క్రూ తనంతట తానే వెనక్కి తిరుగుతుంది.

ఏది ఎంచుకున్నా, ముందు గిబ్‌లు (బల్ల జారే దారుల్లో లూజు సరిచేసే పట్టీలు), స్క్రూ చివరి బేరింగులు సరిచేసి మళ్లీ కొలవండి. సగం లూజు అక్కడే దొరకవచ్చు.