పాత జీపుకి ఏ హబ్ నయం: చేత్తో తిప్పేదా, ఆటోమేటిక్కా?

విజయవాడ ఆటోనగర్‌లో పాత ఫోర్‌వీల్ జీపును మళ్లీ కొత్తగా చేయించుకున్నాక చాలామందికి వచ్చే ప్రశ్న ముందు చక్రాల లాకింగ్ హబ్‌ల గురించే. ముందు చక్రాన్ని దాని యాక్సిల్ షాఫ్టుతో కలిపేదీ (లాక్), విడదీసేదీ (ఫ్రీ) ఈ హబ్బే. హబ్ ఫ్రీగా ఉంటే మామూలు రోడ్డు మీద ముందు యాక్సిల్ షాఫ్టులు, డిఫరెన్షియల్, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊరికే తిరగవు. చప్పుడూ అరుగుదలా తగ్గుతాయి, డీజిల్ కాస్త కలిసొస్తుంది. రెండు రకాల్లోనూ ఈ లాభం ఉంది.

ఆటోమేటిక్‌లో సుఖం ఎక్కువ. కిందికి దిగక్కర్లేదు, ఫోర్‌వీల్ లివర్ వేసి బండి కదిపితే హబ్ తనంతట తానే పట్టుకుంటుంది.

కానీ మన నేల సంగతి చూడాలి. గుంటూరు వైపు నల్లరేగడిలో ఒక్క వాన పడితే చాలు, టైరు గాళ్లన్నీ మట్టితో పూడి నున్నగా అయిపోతాయి. దిగబడిన బండిని ముందుకీ వెనక్కీ ఊపి తీస్తాం కదా, దిశ మారిన ప్రతిసారీ చాలా ఆటోమేటిక్ హబ్‌లు వదిలేసి మళ్లీ పట్టుకుంటాయి. అసలు పట్టు కావాల్సింది అప్పుడే! ఘాట్ దిగుతూ ఇంజిన్ బ్రేకింగ్‌ని నమ్ముకున్నప్పుడూ ఇదే టెన్షన్.

చేత్తో తిప్పేదానిలో లాక్ అంటే లాకే. విప్పి, కడిగి, గ్రీజు పెట్టి బిగించుకోవచ్చు. నా ఓటు దీనికే. బురదలోకి దిగకముందే రెండు వైపులా తిప్పేయండి. తారు రోడ్డెక్కగానే ఫోర్‌వీల్ తీసేయండి. ముందు, వెనక యాక్సిళ్లను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ ఈ బండ్లకు ఉండదు, మలుపుల్లో గేర్లు బిగుసుకుంటాయి.

కొనేముందు షాఫ్ట్ చివర హబ్‌లో కూర్చునే స్ప్లైన్ పళ్లు లెక్కపెట్టుకోండి. పాత విల్లీస్ జీపుల కాలపు డానా 25 అనే ముందు యాక్సిల్‌కి 10 ఉంటాయి.