భూటాన్ ట్రిప్: మన రూపాయి ఎక్కడిదాకా వెళ్తుందంటే

శంషాబాద్ నుంచి బాగ్‌డోగ్రా విమానంలో, అక్కడి నుంచి కారులో జైగావ్. గేటు దాటితే ఫుంట్‌షోలింగ్, అంటే భూటాన్. పర్మిట్‌కి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ నమ్ముకుని వెళ్లకండి. మనవాళ్లకి మనిషికి రాత్రికి 1200 రూపాయల ఎస్‌డీఎఫ్ (టూరిస్టుల దగ్గర భూటాన్ ప్రభుత్వం తీసుకునే ఫీజు) ఉంటుంది, హోటల్, గైడ్ ఖర్చులు వేరే. పెద్దవాళ్లు నలుగురు ఐదు రాత్రులుంటే ఇదొక్కటే 24 వేలు, బడ్జెట్లో ముందే రాసుకోండి.

డబ్బు మార్చుకునే టెన్షన్ లేదు. వాళ్ల ఎన్‌గుల్ట్రమ్ 1974లో వచ్చినప్పటి నుంచి మన రూపాయితో సమానమే, షాపుల్లో మన నోట్లు మామూలుగా తీసుకుంటారు. యూపీఐ కొన్ని చోట్లే పనిచేసింది కాబట్టి క్యాష్ ఉంచుకోండి. చిల్లర మాత్రం వాళ్ల నోట్లలో ఇస్తారు, అవి హైదరాబాద్‌లో చెల్లవు, అక్కడే ఖర్చుపెట్టేయండి.

థింపూకి వెళ్లే రోడ్డు 1960లలో మన దంతక్ (సరిహద్దు రోడ్లు వేసే బీఆర్‌వో ప్రాజెక్టు) వాళ్లు వేసింది. ఆ దారిలోనే చుఖా జలవిద్యుత్ కేంద్రం, 336 మెగావాట్లు. డబ్బు మనదే, 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు. వానాకాలంలో మిగిలిన కరెంటు మనకి అమ్ముతారు, చలికాలం నదులు తగ్గితే మన దగ్గరే కొంటారు. అయినా డీజిల్ నుంచి సిమెంటు దాకా మన దగ్గర్నుంచి దిగుమతులు ఎక్కువై 2012లో వాళ్లకి మన రూపాయలకి కటకట వచ్చి, కార్ల దిగుమతి కూడా ఆపేశారు. అలాగని ఏది పంపినా తీసుకునే రకం కాదు, పురుగుమందులు ఎక్కువున్నాయని 2016లో మన మిర్చి వద్దన్నారు. పచ్చిమిర్చినే కూరగా వండుకునే దేశం మరి, ఎమా దట్షీ (మిర్చి, చీజ్ కూర) తింటే గుంటూరు వాళ్లకి కూడా కళ్లలో నీళ్లు తిరుగుతాయి!

థింపూ హోటల్లో హీటర్ అంతంతమాత్రం, ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోలేదు, టిఫిన్‌కి బ్రెడ్డూ జామూ. పారోలో ఒక రైతు ఇంట్లో హోమ్‌స్టే మాత్రం చాలా నచ్చింది. ఎర్రబియ్యం అన్నం, ఇంటి కూరలు, కొండ మీది తక్త్‌సంగ్ బౌద్ధ మఠానికి ఎక్కి దిగాక కాల్చిన రాళ్లు వేసిన వేడినీళ్ల స్నానం. హోటల్లో మనం కట్టే డబ్బులో సరుకుల పేరుతో కొంత మళ్లీ సరిహద్దు దాటి మన వైపే వస్తుంది, ఈ ఇంట్లో ఇచ్చింది చాలావరకు వాళ్లకే మిగులుతుంది. మళ్లీ వెళ్తే థింపూలో ఒక్క రాత్రే, మిగతావన్నీ పారోలోనే.