నాటకం మీదే నాటకం: మన జిల్లాల వేదికకు ఏది మేలు?

నాటకం వేసేవాళ్ల గురించే నాటకం వేద్దామని ముచ్చటపడే బృందానికి నేను నాలుగు పేర్లు చెబుతాను. ఇటలీ రచయిత పిరాండెల్లో రాసిన ‘రచయితను వెతుక్కుంటూ ఆరు పాత్రలు’, ఇంగ్లండుకు చెందిన మైకేల్ ఫ్రేన్ ‘నాయిసెస్ ఆఫ్’, గిరీశ్ కర్నాడ్ కన్నడంలో రాసిన ‘హయవదన’, విజయ్ తెండూల్కర్ మరాఠీ నాటకం ‘శాంతతా! కోర్ట్ చాలూ ఆహే’ (నిశ్శబ్దం! కోర్టు నడుస్తోంది). నాలుగూ గొప్పవే, కాదనను. నేను చూసేది నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటూ, సాయంత్రాలు రిహార్సల్స్ వేసుకుంటూ, ఒక్క రాత్రికి హాలు అద్దెకు తీసుకునే బృందం వైపు నుంచి.

ముందుగా ఒక మాట. ఈ కోవ నాటకాలు ప్రేక్షకుడి భ్రమను బద్దలు కొడతాయని విమర్శకులు తెగ మెచ్చుకుంటారు. బద్దలు కొట్టాలంటే ముందు భ్రమ ఉండాలి కదా! చిందు భాగవతం, అంటే తెలంగాణ పల్లెల్లో ఆడిపాడే జానపద నాటకం, చూసి పెరిగిన ఊళ్లలో అదెప్పుడుంది? ముఖానికి అర్దళం అనే పసుపు రంగు పూసుకుని, తేలికైన పొనికి కర్రతో చేసిన కిరీటం పెట్టుకున్న రాజు, ఇద్దరు మనుషులు అడ్డంగా పట్టిన తెర వెనక నుంచి దరువుతో వస్తాడు. తానెవరో తానే చెప్పుకుంటాడు. మద్దెల, తాళం, హార్మోనియం వాళ్లు పక్కనే కనబడుతుంటారు. హాస్యగాడు కథను మధ్యలో ఆపి, ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషిని ఆటపట్టించి, మళ్లీ కథలోకి దూరతాడు. రాజూ, ఆ వేషం కట్టినవాడూ ఒక్కసారే కళ్ల ముందు ఉంటారు. తెలంగాణ యక్షగాన కవి చెర్విరాల భాగయ్య రాసిన యక్షగానాలు ఆడిన ఊరికి వెళ్లి ‘ఇది నాటకం సుమా’ అని రహస్యం విప్పినట్టు చెబితే నవ్విపోతారు. అందుకే ఏ నాటకం ఎంత చమత్కారంగా తెర తీసిందన్నది నాకు పెద్ద లెక్క కాదు. తెర తీశాక లోపల ఏం చూపించిందన్నదే లెక్క.

ఆ లెక్కన పిరాండెల్లో కొంత వెనకబడతాడు. 1921లో రోమ్ నగరంలో తొలి ప్రదర్శన రోజున జనం ‘పిచ్చాసుపత్రి, పిచ్చాసుపత్రి’ అని కేకలు వేశారు. రిహార్సల్ జరుగుతున్న ఖాళీ వేదిక మీదికి ఆరుగురు వచ్చి, మేం రచయిత సగంలో వదిలేసిన పాత్రలం, మా కథ మీరు ఆడాలి అంటారు. ఆ రోజుకు అది దిమ్మతిరిగే సంగతే. ఇక్కడ ఆ ఒక్క ఎత్తుగడతో ఎవరూ కుర్చీలోంచి లేవరు. నాకు ఇందులో నచ్చేది మరొక చోట ఉంది. బట్టల దుకాణం నడిపే మేడమ్ పాచే అనే ఏడో మనిషి అవసరమవుతుంది. ఆమె ఎక్కడా లేదు. ఆ ఆరు పాత్రల్లో ఒకడైన తండ్రి నటీమణులను అడిగి వాళ్ల టోపీలు, పై కోట్లు తీసుకుని కొయ్యలకు తగిలిస్తాడు. ఆ సామానును చూసి ఆమె నడిచి వచ్చేస్తుంది! ముగ్గులతో పట్నం వేసి, పసుపు కుంకుమ అమర్చి ఎల్లమ్మను పిలిచే చోట పుట్టిన ప్రేక్షకుడికి ఈ ఘట్టాన్ని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. అది దక్కినా మిగతా నాటకమంతా సత్యమేది, నటన ఏది అన్న వాదన. మంచి అనువాదం లేకపోతే రెండో అంకానికే హాలు ఖాళీ అవుతుంది. ఆరు పాత్రలతో పాటు దర్శకుడు, అతని బృందం కూడా కావాలి కాబట్టి మనుషులూ ఎక్కువే. ఒక వెసులుబాటు మాత్రం ఉంది. పిరాండెల్లో 1936లో పోయాడు, మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లకు హక్కులు తీరిపోతాయి. మూలానికి ఎవరినీ అడగనక్కర్లేదు, అనువాదకుడి అనుమతి ఉంటే చాలు.

ఫ్రేన్ నాటకం (1982) చదువుతుంటే కడుపుబ్బ నవ్వు వస్తుంది. ఒక చెత్త ప్రహసనంలోని మొదటి అంకమే మూడుసార్లు వస్తుంది. మొదట చివరి రిహార్సల్‌లో, తర్వాత వేదిక వెనక నుంచి, ఆ తర్వాత పర్యటన చివర్లో అందరూ ఒకరి మీద ఒకరు పళ్లు నూరుకుంటున్న దశలో. రెండో అంకంలో వేదిక వెనకవాళ్లు గొంతెత్తకూడదు కాబట్టి, మూగ సైగలతోనే కొట్టుకుంటారు. ఆ ప్రహసనంలో చేతులు మారే చేపల పళ్లెం ఎప్పుడు ఎవరి చేతిలో ఉండాలో లెక్క తప్పిందా, అంతా పోయినట్టే. అయితే రెండంతస్తుల ఇల్లు, అన్ని తలుపులు, అదంతా విరామంలో వెనక్కి తిప్పి చూపే సెట్టింగ్ మన బృందం ఎక్కడి నుంచి తెస్తుంది? రంగు వేసిన పలకలతో తలుపులు చేస్తే మొదటిసారి విసురుగా వేయగానే గోడంతా ఊగుతుంది. ఇది మనకు కాదు, అంతే.

ఇలా లోపలి గుట్టు చెప్పడం పడమటి దేశాల సొత్తేమీ కాదు. కాళిదాసు శాకుంతలం మొదట్లో వచ్చే ప్రస్తావన ఘట్టంలో నటి పాడిన గ్రీష్మ గీతానికి మైమరచి, ఇవాళ ఆడవలసిన నాటకమేదో సూత్రధారుడే మరిచిపోతాడు. దుష్యంతుడు లేడిని వెంటాడుతూ వచ్చేది ఆ మరుపు పక్కనుంచే.

‘హయవదన’ (1971) దగ్గరికి వస్తే పని కాస్త సులువవుతుంది. గణపతి పూజతో మొదలు, కథ నడిపే భాగవతుడు, పాట. పూజ అయ్యి కథ మొదలవుతుండగానే ఒక నటుడు గజగజ వణుకుతూ పరుగెత్తుకొస్తాడు. దారి పక్కన లఘుశంకకు కూర్చుంటే ఒక గుర్రం మనిషి భాషలో గదమాయించిందట! భాగవతుడు వాడి మాట నమ్మకుండా ఉండగానే ఆ గుర్రం తల మనిషి రానే వస్తాడు. ఇది మన భాగోతం పోకడే. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం చెవిన పడుతూనే ఉంటుంది కాబట్టి, ఆ జిల్లా ప్రేక్షకులకు ఇంకా దగ్గర. పాడగలిగిన భాగవతుడు, ఒక మద్దెల, నాలుగు ముసుగులు ఉంటే సగం పని అయినట్టే. చిందు కళాకారులను మేళంగా కూర్చోబెట్టగలిగితే, నేను చెప్పబోయే మొదటి స్థానం కూడా దీనికే ఇచ్చేవాణ్ని. ఒక కొరత ఉంది: తలలు మారిపోయిన ఇద్దరు స్నేహితులు, వాళ్ల నడుమ పద్మిని కథ ఊపందుకున్నాక నాటకం గురించిన మాట పక్కకు తప్పుకుంటుంది. చివరికి నిలిచేది ‘మనిషంటే తలా, మొండెమా’ అన్న ప్రశ్నే.

తెండూల్కర్ నాటకంలో ఆ మాట చివరి నిమిషం దాకా పక్కకు పోదు. ముంబై నుంచి ఒక ఔత్సాహిక బృందం పల్లెటూరి హాలుకు వస్తుంది. రాత్రికి వాళ్లు ఆడబోయేది అమెరికా అధ్యక్షుడు జాన్సన్ మీద అణ్వాయుధాల నేరం మోపి నడిపే ఉత్తుత్తి విచారణ. ఒక సాక్షి రాలేదు. ఊళ్లో సామంత్ అనే అమాయకుడిని ఆ పాత్రకు కూర్చోబెట్టాలి, అతనికేమో కోర్టు ఎలా ఉంటుందో తెలియదు. సరే, అలవాటు కోసం ఒక ఉత్తుత్తి కేసు ఆడదామంటారు. ముద్దాయిగా బృందంలోని టీచరు లీలా బెణారేను నిలబెడతారు. నేరం శిశుహత్య. ఆట మెల్లగా ఆటలా లేకుండా పోతుంది. ఆమె సొంత జీవితం, ఆ రోజు రాని ప్రొఫెసర్ దామ్లే, ఆమె కడుపులోని బిడ్డ, అన్నీ బోనులోకి లాగబడతాయి. 1967లో ముంబైలో రంగాయన్ అనే నాటక బృందం తొలిసారి ఆడినప్పుడు సులభా దేశ్‌పాండే బెణారేగా నిలిచారు.

దీన్ని ఎన్నుకోవడానికి నా కారణం ఒక గొళ్లెం. మొదటి ఘట్టంలో తలుపు తీస్తూ బెణారే వేలు ఆ గొళ్లెంలో నలుగుతుంది, నవ్వుతూ చప్పరించుకుంటుంది. తర్వాత పారిపోదామని అదే తలుపు లాగితే బయట గడియ పడి ఉంటుంది. వేదిక మీద ఒక తలుపు, కొన్ని కుర్చీలు, ఒక బల్ల చాలు. ఫ్రేన్ బోలెడు తలుపులతో నవ్విస్తే, ఇక్కడ ఒక్క తలుపు ఊపిరాడనివ్వదు. ఖర్చు చూసుకునే బృందానికి ఇంతకన్నా ఏం కావాలి?

మనుషులూ తక్కువే. ముఖ్య పాత్రలు ఎనిమిది, అందులో ఆడవాళ్లు ఇద్దరు. జిల్లా బృందాలకు నటీమణులు దొరకడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు ఈ లెక్క విలువ అర్థమవుతుంది. ఊరిని పాలమూరు పల్లె చేసి, బృందాన్ని హైదరాబాదు నుంచి దింపవచ్చు, సామంత్ మాట ఇక్కడి యాసలో పెట్టవచ్చు. కానీ జాన్సన్ స్థానంలో స్థానిక సమస్య పెట్టాలన్న ఆశ మాత్రం వద్దు. నల్లగొండ అనగానే ఎవరికైనా ఫ్లోరైడ్ నీళ్లే గుర్తొస్తాయి. ఆ కేసు విచారణ అంటే ప్రేక్షకుడు దానికోసమే ఎదురుచూస్తాడు, బెణారే అడ్డమొచ్చినట్టు అనిపిస్తుంది. ఎక్కడో సముద్రాల అవతలి పెద్దమనిషిని నిలదీస్తామని బయలుదేరిన ఈ చిన్న మనుషులు, చేతికందిన ఒంటరి ఆడమనిషి మీద పడతారు. ఆ దూరం చెరిపేస్తే నాటకం చచ్చిపోతుంది.

అనుమతి మాత్రం రాతపూర్వకంగా తీసుకోవాలి. తెండూల్కర్ 2008లో, కర్నాడ్ 2019లో కన్నుమూశారు, ఇద్దరి హక్కులూ ఇంకా అమల్లో ఉన్నవే.

ఇక బెణారే వేసేదెవరు? చివర్లో జడ్జి కాశీకర్ ఆమెకు చెప్పుకోవడానికి పది సెకన్లు ఇస్తాడు. మిగతావాళ్లంతా బొమ్మల్లా బిగుసుకుపోతారు, ఆమె తన బతుకంతా చెబుతుంది, గడువు అయిపోయిందంటాడు. ఆ ఒంటరి ప్రసంగాన్ని ఏడుపుగా మార్చకుండా, గొంతు తగ్గించి, పిల్లలకు పాఠం చెప్పినట్టు మొదలుపెట్టగల నటి మీ దగ్గర ఉంటే రెండో ఆలోచన వద్దు, శాంతతా తీసుకోండి. లేకపోతే మద్దెల వాయించేవాణ్ని వెతికి పెట్టుకుని ‘హయవదన’ మొదలుపెట్టండి.