బయోనెట్‌జెన్: రోగనిరోధక కణం ఉత్తేజితమయ్యే తీరును నియమాలుగా రాయించే సాఫ్ట్‌వేర్

రోగనిరోధక కణం ఎలా ఉత్తేజితమవుతుందో కంప్యూటర్‌లో నమూనాగా కట్టబోయేవారిని ముందు కంగారుపెట్టేది అంకెల పరిమాణం. టీ కణం అనే రోగనిరోధక కణంలో, బయటి సంకేతాన్ని అందుకునే గ్రాహక సముదాయంలో, ఆ సంకేతాన్ని లోపలికి చేరవేసే ఐటామ్ అనే భాగాలు 10 ఉంటాయి. ఒక్కొక్క దానిలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలు రెండేసి. ఈ 20 చోట్లలో ప్రతి చోటా ఫాస్ఫేట్ ఉండవచ్చు, లేకపోవచ్చు అనుకుంటే ఒక్క గ్రాహకానికే 10,48,576 స్థితులు లెక్కకు వస్తాయి. వాటన్నిటికీ విడివిడిగా సమీకరణాలు రాయడం మనిషి వల్ల అయ్యే పని కాదు. అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో జేమ్స్ ఫేడర్, మైఖేల్ బ్లినోవ్, బైరన్ గోల్డ్‌స్టీన్, విలియం హ్లావాచెక్ రూపమిచ్చిన బయోనెట్‌జెన్ ఈ చిక్కును విప్పడానికే పుట్టింది. ఉచితంగా దొరుకుతుంది, మూలకోడ్ కూడా అందుబాటులో ఉంది.

ఇందులో మనం అణు సముదాయాల జాబితా రాయము, నియమాలు రాస్తాము. ఉదాహరణకు, లిన్ అనే ఎంజైమ్‌ను పట్టుకుని ఉన్న గ్రాహకం తన జతలోని రెండో గ్రాహకపు గామా గొలుసులనే భాగాలకు ఫాస్ఫేట్ తగిలించేలా చేస్తుందని ఒక నియమం రాస్తే, ఆ గ్రాహకాలకు ఇంకేమి అంటుకుని ఉన్నాయో చెప్పనక్కరలేదు. ఆ షరతుకు సరిపోయే సముదాయాలన్నిటినీ సాఫ్ట్‌వేరే వెతికి చర్యల వలను అల్లుతుంది. అలెర్జీలో ప్రధాన పాత్ర వహించే మాస్ట్ కణాలపై ఉండి ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని పట్టుకునే గ్రాహకంపై 2003లో వెలువడిన నమూనాలో ఉన్నవి నాలుగు రకాల అణువులే: రెండు చేతులున్న లిగాండ్ (గ్రాహకానికి అంటుకునే అణువు), గ్రాహకం, లిన్, సిక్ అనే మరో ఎంజైమ్. వాటి నుంచి 354 సముదాయాలు, 3,680 చర్యలు పుట్టుకొచ్చాయి. నేర్చుకునేవారు ముందుగా ఈ నమూనానే తెరిచి, సిక్ మోతాదును తగ్గిస్తూ పెంచుతూ నడిపి చూడాలని నా సలహా. ఒక్కొక్క నియమాన్ని చదువుతున్నప్పుడు దాని వెనుక ఉన్న జీవశాస్త్ర ఊహ ఏమిటో స్పష్టంగా కనిపిస్తుంది. సమీకరణాల రూపంలో ఉన్న నమూనాలో ఆ ఊహను తవ్వి తీయవలసి వస్తుంది, అందుకే ఈ సాఫ్ట్‌వేర్ గుణాల్లో నేను దీనికే పెద్దపీట వేస్తాను.

నడిపే పద్ధతిని మనమే ఎంచుకోవచ్చు. అవకలన సమీకరణాలు సగటును చూపుతాయి, ఒక్కొక్క చర్యను సంభావ్యతను బట్టి జరిపించే గిలెస్పీ పద్ధతి యాదృచ్ఛికతను కూడా చూపుతుంది. టీ కణం అతి కొద్ది ప్రతిజనక (రోగనిరోధక వ్యవస్థ గుర్తించే) అణువులకే స్పందించగలదు కాబట్టి అక్కడ సగటును మాత్రమే నమ్ముకుంటే పొరపాటు పడతాము. మూడు చేతుల లిగాండ్, రెండు చేతుల గ్రాహకం కలిసి గొలుసులుగా పెరుగుతూ పోయే సందర్భంలో వలను పూర్తిగా అల్లడం అసలే సాధ్యం కాదు. అప్పుడు 2011లో వచ్చిన ఎన్‌ఎఫ్‌సిమ్ అనే తోడు పరికరం వల జోలికి పోకుండా అణువులనే నేరుగా అనుకరిస్తుంది.

లోపాలు లేకపోలేదు. పైథాన్ ద్వారా స్థాపించడం తేలికే గాని, లోపల పనిచేసేది పెర్ల్ అనే మరో ప్రోగ్రామింగ్ భాష కావడంతో విండోస్ వాడేవారు దానిని విడిగా స్థాపించుకోవాలి. కామా తప్పిపోతే వచ్చే దోష సందేశం ఆ కామా దాకా తీసుకువెళ్లదు. వీటికన్నా ప్రమాదకరమైనది కొలమానాల విషయం: అణువుల సంఖ్యతో లెక్కిస్తూ, రేటును మాత్రం మోలార్ కొలతలో ఇస్తే, ఏ హెచ్చరికా లేకుండా అందమైన తప్పుడు గ్రాఫు వస్తుంది. ఆ రేటును ఘనపరిమాణంతో, అవొగాడ్రో సంఖ్యతో భాగించుకోవలసిన బాధ్యత పూర్తిగా మనదే.

కణాన్ని బాగా కలిపిన ద్రావణంగా భావించడం మరో పరిమితి. కణపు పొరపై ఉండే సీడీ45 అనే ప్రోటీన్ అణువులు గ్రాహకానికి దూరంగా జరిగే తీరు వంటి, పొరపై స్థానానికి ప్రాధాన్యమున్న ప్రశ్నలకు కనెక్టికట్ విశ్వవిద్యాలయంవారి వర్చువల్ సెల్ అనే సాఫ్ట్‌వేర్‌ను చూడడం మంచిది. పదీ పన్నెండు పదార్థాలతో తేలిపోయే నమూనాకు ఇంత సరంజామా అనవసరం, బటన్లు నొక్కి నడుపుకునే కొపాసీ అనే సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. నమూనా తర్వాత పెరిగితేనే నియమాల వైపు మారవచ్చు. బయోనెట్‌జెన్ అల్లిన వలను ఎస్‌బీఎంఎల్ (జీవ నమూనాలను పంచుకునే ప్రామాణిక ఫైలు) రూపంలో దించుకుని కొపాసీలో తెరిచే వీలు కూడా ఉంది.